పోటీ పరీక్షల ప్రత్యేకం: క్రిస్పర్ జన్యు సవరణ

ఏమిటిది?: బ్యాక్టీరియాలు వైరస్‌లను ఎదుర్కొనే విధానం ఆధారంగా రూపొందిన సాంకేతికత. గైడ్ ఆర్‌ఎన్‌ఏ చూపిన చోట క్యాస్9 ఎంజైమ్ డీఎన్‌ఏను కత్తిరిస్తుంది.

నోబెల్: ఇమ్మాన్యుయెల్ షార్పెంటియర్, జెన్నిఫర్ డౌడ్నా (రసాయనశాస్త్రం, 2020).

వైద్యం: సికిల్ సెల్ వ్యాధికి ‘కాస్‌జెవీ’ చికిత్సను ప్రపంచంలో తొలిసారి బ్రిటన్ 2023 నవంబరులో ఆమోదించింది. రోగి రక్త మూలకణాలను సవరించి, ఫీటల్ హిమోగ్లోబిన్ ఉత్పత్తిని పెంచుతారు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు.

నైతికత: దేహకణాల్లో మార్పు రోగికే పరిమితం. పిండంలో మార్పు తర్వాతి తరాలకూ సంక్రమిస్తుంది. జన్యు సవరణ చేసిన పిండాలతో కవలలు పుట్టారని 2018లో ప్రకటించిన చైనా శాస్త్రవేత్త హె జియాన్‌క్వీకి 2019లో మూడేళ్ల జైలుశిక్ష పడింది.

భారత్: 2047 నాటికి సికిల్ సెల్ నిర్మూలన లక్ష్యంతో 2023 జులై 1న జాతీయ మిషన్ ప్రారంభమైంది. ఈ వ్యాధి ఎక్కువగా పీడించేది గిరిజనులనే. వారికి అందని చికిత్స ఎంత గొప్పదైనా అసంపూర్ణమే.