దారపు రీలు కదలిక – కుట్టు చెడుటకు కారణము

పద్యమునకు అర్థము కుదరనప్పుడు, కవి పొరపడెనని తలచుటకు ముందు, పదవిభాగము మనము సరిగా చేసితిమా అని చూచుకొందుము. యంత్రముల విషయములోను ఇదే పద్ధతి మేలని మాకు ఒక కుట్టుమిషను నేర్పినది.

రెండేండ్ల క్రిందట మా తరగతి విద్యార్థిని ఒకతె, గడువు దగ్గరపడినను పరీక్ష రుసుము చెల్లింపలేదు. కారణమడుగగా, తల్లి మిషను పాడైనదనియు, పండుగకు ఒప్పుకొన్న బట్టలు నిలిచిపోయినవనియు, దానిని వచ్చిన ధరకు అమ్మివేయనున్నారనియు చెప్పినది. మరునాడు మా శ్రీమతితో కలిసి వారింటికి వెళ్ళితిమి.

“సూది మార్చాను, నూనె వేశాను, బాబిన్ తీసి తుడిచాను. ఇంకేం చెయ్యమంటారు మాస్టరుగారూ?” అని ఆ తల్లి అడిగినది. మేము మిషను బాగుచేయువారము కాము. అయినను ఆమె కుట్టుచుండగా గమనించితిమి. మిషను పాతదే గాని, దానిపై నున్న దారపు రీలు కొత్తది. అది కడ్డీపై నిలువక ఎగిరెగిరి పడుచుండెను. దారము తెగుట ఎప్పుడు మొదలైనదని అడుగగా, కొత్త రీలు తెచ్చిన నాటి నుండియే అని తేలినది.

రీలు కదిలినంత మాత్రమున కుట్టు ఎందుకు చెడవలెను? 1846లో ఇలియాస్ హోవే అమెరికాలో పేటెంటు పొందిన యంత్రము మొదలు నేటి ఇంటి మిషను వరకు సూత్రమొక్కటే. సూదిలోని పైదారమును క్రింది దారముతో ముడివేయుటయే ఆ సూత్రము. ప్రతి కుట్టుకును పైమీట కొంత దారమును లాగుకొనును. ఆ దారపు బిగువును టెన్షన్ బిళ్ళలు అదుపు చేయును. కాని దారము వాటి వద్దకు సమముగా వచ్చిననే ఆ అదుపు సాధ్యము. రీలు ఊగినచో దారము ఒకసారి వదులై, మరొకసారి బిగిసి వచ్చును. వదులైనపుడు బట్ట అడుగున ఉచ్చులు పడును. బిగిసినపుడు బట్ట ముడుతలు పడును, లేదా దారము తెగును. మిషను ఆగిన పిదప కూడ రీలు తిరుగుచున్నచో, వదులైన దారము జారి కడ్డీకి చుట్టుకొనును. మరల త్రొక్కగానే తెగును.

దోషమెచ్చటనున్నదో తెలిసికొనుట సులభము. అదుముపాదమును పైకెత్తి, సూది వద్ద దారమును చేతితో మెల్లగా లాగవలెను. పాదమెత్తినపుడు టెన్షన్ బిళ్ళలు విడివడును. అప్పటికిని దారము ఆగి ఆగి వచ్చినచో, దోషము రీలు వద్దనో, దారము నడచు దారిలోనో ఉన్నదని గ్రహింపవలెను.

ఇక చేయదగిన పనులు:

1. కడ్డీ వంగినదేమో, వదులైనదేమో చూచి సరిచేయవలెను.

2. రీలు క్రింద ఉన్ని గుడ్డతో చేసిన బిళ్ళ నుంచవలెను. అది కుదుపును తగ్గించి, రీలు అదుపు తప్పి తిరుగకుండ ఆపును.

3. రీలు రంధ్రము కడ్డీకంటె పెద్దదైనచో, కడ్డీకి కాగితము చుట్టియో, శీతలపానీయము త్రాగు గొట్టపు ముక్క తొడిగియో ఆ సందు పూరింపవలెను. రీలు ఊగరాదు, కాని తేలికగా తిరుగవలెను.

4. దారపు కొస నిలుపుటకు రీలు అంచున నున్న గాటును క్రిందివైపున కుంచవలెను. పైనున్నచో దారము దానికి తగులుకొనును.

5. పెద్ద కోను రీలును కడ్డీపై పెట్టరాదు. మిషను వెనుక గ్లాసులో నిలిపి, దానికి సరిగా పైన కట్టిన కొక్కెము గుండ దారమును తీసికొనవలెను. కోను తిరుగదు, దారము కొననుండి ఊడివచ్చును.

వీనిని ఒకేసారి చేయరాదు. ఒకటి చేసి, పాత గుడ్డముక్కపై కుట్టి చూచి, పిదప మరొకటి చేయవలెను. లేనిచో ఏది ఫలించినదో తెలియదు.

ఆ ఇంట రీలు క్రింది బిళ్ళ ఏనాడో పోయినది. కొత్త రీలు రంధ్రము పెద్దది. మా శ్రీమతి పాత స్వెట్టరు నుండి బిళ్ళ కత్తిరించినది. ఆ బాలిక నోటుపుస్తకపు కాగితమును కడ్డీకి చుట్టినది. కుట్టు సమముగా పడినది. ఖర్చు ఏమియు లేదు. ఆ తల్లి కొంతసేపు మాటాడక, పిదప, “అమ్మేసి ఉంటే?” అని మాత్రము అన్నది.

పండుగ బట్టలు సకాలమున అందినవి. రుసుమును ఆ తల్లి తన కుట్టు కూలితోనే చెల్లించినది.

విద్యార్థులారా! మీ ఇండ్లలోను ఇట్టి మిషనులున్నవి. వాని ముందు మీ తల్లులు, అక్కచెల్లెండ్రు రాత్రులు మేల్కొని కూర్చుండుట మీరు చూచియే యుందురు. చదువుకొన్న కన్నుతో ఒక్కసారి ఆ రీలు వైపు చూడుడు. కారణము నెదుకుట తరగతి గదికి మాత్రమే పరిమితమైన విద్య కాదు.