ఉప్పు మడి నేర్పే ఎంట్రోపీ పాఠం



ఎంట్రోపీ అనగానే మనలో చాలామంది పేజీ తిప్పేస్తారు. “ఎంట్రోపీ అంటే క్రమరాహిత్యం” అని బట్టీపట్టి పరీక్ష గట్టెక్కితే చాలనుకుంటారు. మేమూ అలాగే చదివాం. “ఎంట్రోపీ ఎప్పుడూ పెరుగుతుంది” అని రాసి మార్కులు పోగొట్టుకున్నాకే మా తప్పు తెలిసింది.

ఈ పేరు పెట్టింది జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్, 1865లో. ఒక పదార్థంలోని కణాలు, వాటి శక్తి ఎన్ని విధాలుగా సర్దుకోగలవో తెలిపే కొలతే ఎంట్రోపీ. లోపంలేని స్ఫటికానికి 0 కెల్విన్ వద్ద ఎంట్రోపీ సున్నా. ఇదే తృతీయ నియమం. అక్కడి నుంచి లెక్కిస్తారు కాబట్టే ప్రతి పదార్థానికీ ఒక విలువ ఉంటుంది.

298 కెల్విన్ వద్ద విలువలు (ఒక మోల్‌కు, జౌల్/కెల్విన్):
ఉప్పు స్ఫటికం – 72.1
నీటిలో సోడియం అయాన్ – 59.0
నీటిలో క్లోరైడ్ అయాన్ – 56.5
ద్రవరూప నీరు – 70
నీటి ఆవిరి – 189

ఉప్పు ఎందుకు కరుగుతుంది?

ఉప్పు కరిగేటప్పుడు మోల్‌కు 3.9 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది. అయినా దానంతటదే కరుగుతుంది. ఎందుకంటే,
ఎంట్రోపీ మార్పు = 59.0 + 56.5 – 72.1 = 43.4
గిబ్స్ శక్తి మార్పు = 3.9 – (298 × 0.0434) = 3.9 – 12.9 = –9.0 కిలోజౌళ్లు
రుణ విలువ వచ్చింది కనుక ఇది అయత్నీకృత చర్య.

మరి మచిలీపట్నం తీరంలోని ఉప్పు మళ్లలో ఉప్పు గడ్డకడుతోంది కదా, నియమం తప్పిందా? లేదు. ఉప్పు ఎంట్రోపీ తగ్గినా, ఆవిరైపోయిన నీటి ఎంట్రోపీ 70 నుంచి 189కి పెరిగింది. అందుకు కావలసిన వేడిని ఎండ ఇచ్చింది. వ్యవస్థ, పరిసరాలు కలిపి చూస్తే మొత్తం పెరిగిందే. పరీక్షలో రాయవలసిన మాట ఇదే. అకాల వర్షం పడితే మాత్రం ఆ పంట ఎవరి సాయమూ లేకుండా కరిగిపోతుంది.

మన దివిసీమ సంగతి

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణాలు తీసింది. సముద్రపు నీరు పొలాల్లో చేరడానికి గంటలు చాలాయి. ఆ ఉప్పును నేల నుంచి కడగాలంటే మంచినీరు నిలగట్టాలి, మురుగు బయటికి పోవాలి. కలవడం తేలిక, విడదీయడం ఖరీదు.

ఆ ఖరీదుకూ లెక్క ఉంది. సముద్రపు నీటి నుంచి 1000 లీటర్ల మంచినీరు తీయడానికి ఎంత గొప్ప యంత్రమైనా కనీసం 0.7 యూనిట్ల విద్యుత్తు వాడక తప్పదు. వాస్తవంగా పెద్ద ప్లాంట్లలో 3 నుంచి 4 యూనిట్లు అవుతుంది.

గుడివాడ వైపు నుంచి వచ్చినా, అవనిగడ్డ వైపు నుంచి వచ్చినా మన ఇళ్లకు కాలువ నీరే ఆధారం. ఆ తీపి నీటిలో ఉప్పు కలవకుండా చూసుకోవడమే అన్నిటికంటే చవకైన మార్గం. ఎంట్రోపీ పాఠం మనకు చెప్పేది అదే.