వృద్ధులకు వలయున దేమి?

వేళకు అన్నము, శుభ్రమైన పడక, తగిన మందులు అమర్చినచో వృద్ధుల సంరక్షణ పూర్తి యగునా? అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రమందు న్యూబెర్లిన్ అను చిన్న యూరు కలదు. 1991వ సంవత్సరమున బిల్ థామస్ అను యువవైద్యుడు అచ్చటి చేజ్ మెమోరియల్ వృద్ధాశ్రమమున పనిచేయుచుండెను. అందు సుమారు 80 మంది వృద్ధులుండిరి. వారికి అన్నమునకు గాని, మందులకు గాని కొదువ లేదు. అయినను వారి ముఖములందు జీవకళ లేదు.

ఒంటరితనము, విసుగు, నిస్సహాయత – ఈ మూడును వారిని పీడించుచున్నవని థామస్ గ్రహించెను. వీనికి ఏ అంగడిలోను మందు దొరకదు. కావున ఆయన అధికారుల నొప్పించి 2 కుక్కలను, 4 పిల్లులను, 100 చిన్న చిలుకలను తెప్పించెను. గదులలో మొక్కలు పెట్టించెను. బడిపిల్లలు వచ్చిపోవు నేర్పాటు చేసెను. చిలుకలు వచ్చిన నాటికి పంజరములు రాలేదు! అవి ఒక గదిలో ఎగురుచు గోల చేయుచుండగా, వృద్ధులు కిటికీలకడ గుమిగూడి కడుపుబ్బ నవ్విరి.

క్రమముగా మాట మానినవారు మాటాడసాగిరి. నడవ నొల్లనివారు, కుక్కను తామే త్రిప్పుకొని వత్తుమని ముందుకు వచ్చిరి. మందుల వాడుకయు తగ్గెను. సేవ పొందుటయే కాదు, మరియొక ప్రాణికి తాము అక్కరకు వచ్చుటయు వృద్ధులకు వలయును.

బాలబాలికలారా! తాతగారికి మంచినీ రందించుట మంచిదే. మొక్కలకు నీరు పోయుటకు ఆయనను వెంటబెట్టుకొని పోవుట అంతకంటె మంచిది.