అద్దె పోర్షన్లలో విద్యుత్తు: కొలత – పంపకము

పట్టణములలో తాతలనాటి యిల్లు ఉన్నదున్నట్లు నిలుచుట అరుదు. అన్నదమ్ములు వేరుపడినపుడో, ఖర్చులు పెరిగి కిరాయి అవసరమైనపుడో నడుమ గోడ లేచును. వసారా వంటగదిగా మారును. మిద్దెపై రెండు గదులు వెలయును. ఒక యిల్లు మూడు పోర్షన్లగును. కాని గోడ కట్టినంత శ్రద్ధతో విద్యుత్తును ఎవరును విభజింపరు. మీటరు ఒక్కటే, తీగలు పాతవే. నెల తిరుగగనే బిల్లు వచ్చును, దాని వెంట తగవును వచ్చును.

ఈ తగవునకు మూలమేమి, దానిని తొలగించు మార్గమేమి యన్నది ఈ వ్యాసమున విచారింతుము. మేము తెలుగు బోధించువారమే గాని ఇంజినీర్లము కాము. అయినను హైదరాబాదు పాతబస్తీలో అట్టి యింటిలో కిరాయికుండి, చిక్కులో పడి, తెలిసినవారి నడిగి నేర్చుకొన్న సంగతులివి. మన విద్యార్థులలో అనేకులు అట్టి యిండ్లనుండియే కళాశాలకు వచ్చుచున్నారు గనుక ఇవి వారికి ఉపకరించునని మా నమ్మకము.

మూడు పద్ధతులు

పోర్షన్ల యింటిలో బిల్లు పంచుకొను పద్ధతులు మూడు. మొదటిది తలకొక వాటా: వచ్చిన బిల్లును మూడు భాగములు చేయుదురు. రెండవది సబ్ మీటరు: మెయిన్ మీటరు తరువాత పోర్షనుకొక చిన్న మీటరు బిగించి, యూనిట్లను బట్టి పంచుదురు. మూడవది వేరు సర్వీసు: ప్రతి పోర్షనునకు విద్యుత్ పంపిణీ సంస్థయే ప్రత్యేకముగా మీటరు నిచ్చి, ప్రత్యేకముగా బిల్లు వేయును.

మొదటి పద్ధతి అన్యాయమని వేరుగ చెప్పనక్కరలేదు. రెండవది న్యాయమని చాలామంది తలంతురు. మేమును అట్లే తలంచితిమి. లెక్క వేసి చూచినపుడు గాని మా పొరపాటు మాకు తెలియలేదు.

లెక్క

విద్యుత్తు ధర బియ్యము ధరవలె ఒక్కటిగా నుండదు. వాడకము పెరిగినకొలది యూనిటు ధరయు పెరుగును. దీనినే స్లాబు పద్ధతి యందురు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చిన గృహ వినియోగపు ధరలను ఉదాహరణగా తీసికొందము. నెలకు 100 యూనిట్లు దాటని వారికి మొదటి 50 యూనిట్లు 1.95 రూపాయల చొప్పునను, తక్కిన 50 యూనిట్లు 3.10 చొప్పునను లెక్క. 100 దాటి 200 లోపు వాడినచో మొదటి 100 యూనిట్లకు 3.40, పైవానికి 4.80. 200 దాటినచో మొదటి యూనిటు నుండియే ధర మారును: తొలి 200 యూనిట్లకు 5.10, ఆపై 300 వరకు 7.70, 400 వరకు 9.00, 800 వరకు 9.50.

ఒక యింటిలో మూడు కుటుంబములు వరుసగా 90, 150, 210 యూనిట్లు వాడినవనుకొందము. వారికి వేరువేరు సర్వీసులున్నచో బిల్లులు 221.50, 580, 1097 రూపాయలగును. మొత్తము 1898.50. అదే ఒక్క మీటరుపై 450 యూనిట్లు నమోదైనచో బిల్లు 3165 రూపాయలు. (స్థిర చార్జీలు, విద్యుత్ సుంకము ఇందు చేర్చలేదు.) వాడకము పెరుగలేదు, ఇంట ఒక్క దీపము అదనముగా వెలుగలేదు. అయినను 1266.50 రూపాయలు అదనముగా చెల్లింపవలసి వచ్చినది.

ఇప్పుడు సబ్ మీటర్ల ప్రకారము పంచి చూతము. 90 యూనిట్లు వాడిన కుటుంబము వంతు 633 రూపాయలు. తన సర్వీసు తనకున్నచో చెల్లింపవలసినది 221.50 మాత్రమే. అనగా దాదాపు మూడింతలు! తలకొక వాటా పద్ధతిలో నైనచో 1055. సబ్ మీటరు యూనిట్లను సరిగా కొలిచినను, పొరుగువారి వాడకము వలన పెరిగిన ధరను తక్కువ వాడినవారిపైనను మోపుచున్నది. తన సొంత బిల్లుతో పోల్చి నిష్పత్తిలో చూచినచో, అందరికంటె పొదుపుగా నుండువాడే అందరికంటె ఎక్కువగా నష్టపోవుచున్నాడు.

2024 మార్చి నుండి తెలంగాణలో గృహజ్యోతి పథకము క్రింద, అర్హతగల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకమునకు సున్న బిల్లు వచ్చుట మొదలైనది. ఒక్క మీటరుపై 450 యూనిట్లు చూపు యింటిలో ఆ మేలు ఏ కుటుంబమునకును దక్కదు.

తీగల విభజన

మీటర్లు వేరైనంత మాత్రమున పని తీరదు. తీగలును వేరు కావలెను. ప్రతి పోర్షనునకు ఫేజు తీగ ఒకటి, న్యూట్రల్ తీగ ఒకటి, ఎర్తు తీగ ఒకటి మీటరు బోర్డునుండి విడిగా రావలెను. పాత యిండ్లలో ఫేజును మాత్రము విడదీసి, న్యూట్రలును ఉమ్మడిగా వదలుట మామూలు. ఇది పెద్ద పొరపాటు. ఒక పోర్షనువారు తమ ఫేజును కట్టివేసి, కరెంటు లేదను ధైర్యముతో పనిచేయుచున్నపుడు, పొరుగువారి కరెంటు అదే న్యూట్రలు గుండ ప్రవహించుచుండును. ఆ తీగ విడిపోయినచో షాకు తగులును. పోర్షన్లు వేరువేరు ఫేజులపై నున్న యింటిలో ఉమ్మడి న్యూట్రలు తెగినచో, 230 వోల్టులకు తయారైన ఫ్రిజ్జు, ఫ్యానులపై 400 వోల్టుల దరిదాపు వరకు పడి అవి కాలిపోవచ్చును.

ప్రాణరక్షణకు బిగించు ఆర్.సి.సి.బి. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రలులో తిరిగి వచ్చుచున్నదా యని చూచును. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినచో సరఫరాను తెంచును. న్యూట్రలు ఉమ్మడియైనచో ఏ దోషమును లేకయే అది మాటిమాటికి పడిపోవును. విసిగి దానిని తీసివేయించువారు కలరు. తీసివేయవలసినది దానిని కాదు, ఉమ్మడి న్యూట్రలును.

మెట్ల దీపము, నీళ్ల మోటారు ఎవరి మీటరుపైనను ఉండరాదు. వానికి వేరు మీటరుండి, ఆ ఖర్చును అందరును పంచుకొనవలెను.

మా అనుభవము

మేమున్న యింటిలో సబ్ మీటర్లు బిగించిన తరువాత మా వంతు నెలకు ముప్పది యూనిట్ల వరకు పెరిగినది. మిద్దెపై ఒంటరిగా ఒక వృద్ధురాలుండెడిది. అందరము ఖాలాజాన్ అని పిలిచెడివారము. ఆమె తీగ మా మీటరు ప్రక్కనుండియే పైకి పోయెడిది. మేము నోరు విప్పి ఏమియు అనలేదు గాని, పలుకరింపు తగ్గించితిమి. ఆమె గ్రహించి ఒకనాడు, “బేటా, నా గదిలోని దీపములన్నియు ఆర్పి నీవే చూచుకొనుము. పరుల కరెంటు నాకెందుకు?” అన్నది.

ఆనాడు మా మెయిన్ స్విచ్చి కట్టివేసి మీటరు చూచితిమి. దానిపై ఎర్రదీపము మినుకుమినుకు మనుచునే యున్నది! ఆమె గదిలో అన్నియు ఆర్పినను ఆగలేదు. నీళ్ల మోటారు ఆపినంతనే ఆగినది. మా మీటరునకు, మెయిన్ స్విచ్చికి నడుమ మోటారు తీగ కలిపియుండిరి. ఒక హార్స్‌పవర్ మోటారు గంటసేపు తిరిగినచో ఇంచుమించు ఒక యూనిటగును. దినమున కొక గంట చొప్పున నెలకు ముప్పది. లెక్క సరిపోయినది. ఖాలాజాన్ ముందు తలయెత్తుటకు మాకు చాలా దినములు పట్టినది.

ఈ పరీక్ష ఎవరైనను చేయవచ్చును. మీ మెయిన్ కట్టినను మీటరు నడచినచో మీ తీగపై మరియొకరి లోడున్నది. మీటరు సరిగా కొలుచుచున్నదా యని తెలియుటకు 1000 వాట్ల హీటరు ఒక్కటే వేసి చూడవలెను. మీటరుపై యూనిటునకు 3200 మినుకులని వ్రాసియున్నచో నిమిషమునకు 53 మినుకులు రావలెను. తీగలను విప్పుట మాత్రము లైసెన్సుగల ఎలక్ట్రీషియను పని.

చట్టము

2003 నాటి విద్యుత్ చట్టము 43వ సెక్షను ప్రకారము ఇంటి యజమానియే కాదు, అందు నివసించువాడును సరఫరా కోరవచ్చును. యజమాని నిరాక్షేపణ పత్రము ఈయలేదను కారణమున కిరాయిదారునకు విద్యుత్తును నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టపరచినది. అయితే హక్కుతో పాటు బాధ్యతయు కలదు. ఒకే కుటుంబము స్లాబు తప్పించుకొనుటకై రెండు సర్వీసులు పెట్టుకొనుట ధర్మము కాదు. అట్టివానిని సంస్థ ఒకటిగా కలుపవచ్చును. ముందు గదిలో దుకాణమున్నచో దానికి వాణిజ్య సర్వీసు తీసికొనవలెను. గృహ సర్వీసుపై దుకాణము నడిపినచో 126వ సెక్షను క్రింద రెండింతల రేటున వసూలు చేయుదురు.

ముగింపు

వేరు సర్వీసునకు, కొత్త తీగలకు మొదట కొంత ఖర్చగుట నిజమే. పై లెక్కలో నెలకు మిగులు 1266 రూపాయలను తలచినచో ఆ ఖర్చు త్వరలోనే తీరునని తెలియును. కాని మా దృష్టిలో రూపాయల మిగులు రెండవ మాట. కొలత స్పష్టముగా లేని యింటిలో ప్రతివాడును పొరుగువానిని దొంగగా చూచును. మేమును చూచితిమి. గోడతోపాటు తీగయు, తీగతోపాటు మీటరును వేరైననాడు, వేరు పోర్షన్లలో నున్నవారు కలిసిమెలిసి యుండగలుగుదురు.