దివిసీమకు వెళ్లే మేనకోడలికి

మచిలీపట్నం

చి. స్వాతికి అత్తయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి ముందు నువ్వూ నీ స్నేహితురాలూ వీపున సంచులేసుకుని దివిసీమ తిరుగుతారనీ, చేతిలో డబ్బు మాత్రం తక్కువేననీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమేసింది. దీవి చూడాలంటే అండమాన్‌కు తర్వాతైనా వెళ్లొచ్చు. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలై సముద్రం దాకా చుట్టుకున్న మన దీవిని ముందు చూడండి.

గుడివాడ మీదుగా వచ్చే రైల్లో మచిలీపట్నం వచ్చి దిగండి. ఆ రాత్రికి మా ఇంట్లోనే పడక. పొద్దున్నే చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్లే అవనిగడ్డ బస్సెక్కండి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ చార్జీ లేదు. ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకోండి. మోపిదేవిలో దిగి సుబ్రహ్మణ్యేశ్వరస్వామిని దర్శించుకోండి. బస అవనిగడ్డలో పెట్టుకుంటే ఒకరోజు నాగాయలంక, ఇంకోరోజు కోడూరు మీదుగా హంసలదీవి చూసి చీకటి పడకముందే తిరిగి రావచ్చు. కోడూరు దగ్గర ఆటో ఎక్కేముందే రానూపోనూ కలిపి మాట్లాడుకోండి.

పొదుపు ప్రయాణంలో, బసలో చెయ్యండి తల్లీ. మనుషుల దగ్గర చెయ్యకండి. రోడ్డు పక్కన తేగల కట్టలతో కూర్చున్న అవ్వతో పది రూపాయలకు బేరమాడొద్దు. తాటిటెంకలు పాతరవేసి, నెలలు ఆగి తవ్వితీసి, కాల్చి, కట్టలు కట్టి తెస్తే ఆమెకు మిగిలేదెంత? అక్కడే కొనుక్కుని, మధ్యకు చీల్చి, పీచు లాగేసి తినండి. గుళ్లో అన్నదానం పంక్తిలో భోంచేస్తే హోటల్‌కి అయ్యేంత డబ్బు హుండీలో వెయ్యండి. ఎవరైనా ఇంటికి పిలిచి అన్నం పెడితే వాళ్ల పిల్లలకు పళ్లు తీసుకెళ్లండి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రాత్రి చూసిన పెద్దవాళ్లు తమంతట తాము చెబితే ఫోన్ పక్కన పెట్టి వినండి. మీరుగా కదిలించి వీడియో తియ్యొద్దు.

కృష్ణమ్మ సముద్రంలో కలిసే సంగమం దగ్గర నీళ్లు పైకి నిమ్మళంగా కనిపించినా లోపల లాగేస్తాయి. మోకాలి లోతు దాటొద్దు. పడవెక్కితే లైఫ్‌జాకెట్ వేసుకోవాల్సిందే. అటవీశాఖ అనుమతి లేకుండా మడ అడవుల్లోకి పోవద్దు.

రోజూ సాయంత్రం మీ నాన్నకొక ఫోన్ చెయ్యి. రైలు టైము ముందే చెబితే మామయ్య స్టేషన్‌కు వస్తారు.

ఇట్లు,
అత్తయ్య