జార్జియా సర్టిఫికెట్టు, హైదరాబాదు కుర్చీ

రెంటచింతల

అమ్మాయీ,

నువ్వు పంపిన జార్జియా కన్సల్టెంటు కాగితాలు సాంతం చదివాను. అబద్ధాలేం లేవు గానీ, చెప్పకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి.

జార్జియా ‘వర్చువల్ జోన్’ హోదా ఇస్తున్న మాట నిజమే. మన తెలుగు పిల్లలు ఎంబీబీఎస్ చదవడానికి వెళ్తున్న ఆ దేశమే. అక్కడ రిజిస్టరైన ఐటీ కంపెనీకి ఆర్థిక శాఖ సర్టిఫికెట్టు ఇస్తే, తాను తయారుచేసి విదేశీ క్లయింట్లకు అమ్మిన సాఫ్ట్‌వేరు మీద మామూలుగా పడే 15 శాతం లాభాల పన్ను ఉండదు. డివిడెండు తీస్తే 5 శాతం కట్టాలి. ఉద్యోగుల జీతాల మీద 20 శాతం ఎటూ తప్పదు. 2020లో ‘ఇంటర్నేషనల్ కంపెనీ’ అని ఇంకో హోదా తెచ్చారు. లాభం మీద 5, జీతాల మీద 5, డివిడెండు మీద ఏమీ లేదు. దానికి రెండేళ్ల అనుభవం చూపాలి. మీ కంపెనీ ఇంకా పుట్టనే లేదు కాబట్టి దాని మాట వదిలేయ్.

సర్టిఫికెట్టు రావడం పెద్ద కష్టం కాదు. అసలు పేచీ పని ఎక్కడ జరిగిందన్న దగ్గర వస్తుంది. మీ ముగ్గురు భాగస్వాములూ మాదాపూర్‌లో కూర్చుని కోడ్ రాసి, ఇన్వాయిస్ మాత్రం టిబిలిసి నుంచి పంపితే, అది లోపల మిర్చి టిక్కీలు లేకుండా కోల్డ్ స్టోరేజీ బాండు చేతిలో పట్టుకుని గుంటూరు యార్డుకు వెళ్లినట్టే.

మన ఆదాయపు పన్ను శాఖ ఏమంటుందో కన్సల్టెంటు రాయలేదు. విదేశీ కంపెనీ వ్యాపారం ఇక్కడి ఆఫీసు నుంచే నడుస్తుంటే, ఆ మేరకు లాభం ఇక్కడ పన్నుకు వస్తుంది. జార్జియాతో మనకున్న ద్వంద్వ పన్నుల ఒప్పందం దాన్ని ఆపదు. పైగా విదేశీ కంపెనీకి ఇక్కడ పన్ను రేటు 35 శాతం, 2024 బడ్జెట్ దాకా 40 ఉండేది. అదే పనికి ఇక్కడే కంపెనీ పెట్టుకుంటే, మినహాయింపులు వదులుకునే పద్ధతిలో సర్‌చార్జీ, సెస్సు కలిపినా 25 శాతం చిల్లర. సున్నా కోసం వెళ్లి 35కి చిక్కుకోవడం నీలాంటి లెక్కల పిల్ల చేయాల్సిన పని కాదు. కంపెనీ పగ్గాలు ఎక్కడున్నాయో చూసే నిబంధన రూ.50 కోట్ల లోపు టర్నోవరుకు వర్తించదని 2017లో సర్క్యులర్ ఇచ్చారు. దాన్ని పట్టుకుని ధైర్యపడకు, నేను చెప్పిన మెలిక దానికి వేరు.

ఇంకో సంగతి. నువ్వు ఇక్కడే నివాసం ఉంటే, అక్కడి నుంచి వచ్చిన డివిడెండు మీద నీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. అక్కడ కట్టిన 5 శాతానికి క్రెడిట్ ఇస్తారు, అంతే. పెట్టుబడి పంపేటప్పుడు బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ ఇచ్చి నంబరు తీసుకోవాలి, ఆ తర్వాత ఏటా డిసెంబరు 31 లోపు పనితీరు నివేదిక ఇవ్వాలి. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపకపోతే 2015 నల్లధన చట్టం కింద రూ.10 లక్షల జరిమానా దాకా వెళ్తుంది. పన్ను ఎగ్గొట్టకపోయినా, కాలమ్ ఖాళీగా వదిలేసి నోటీసులు అందుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చేవారు.

అంత దూరం ఆశపడే ముందు ఇంటి దగ్గరున్నది చూడు. 2030 ఏప్రిల్ 1 లోపు పెట్టిన అర్హత గల స్టార్టప్‌కు, మొదటి పదేళ్లలో నువ్వు ఎంచుకున్న వరుస మూడేళ్లు లాభం మీద నూరు శాతం మినహాయింపు ఉంది. టర్నోవరు ఒక పరిమితి దాటకూడదు. కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) గుర్తింపు ఒక్కటే చాలదు, అంతర్ మంత్రిత్వ బోర్డు సర్టిఫికెట్టు కావాలి, అక్కడే చాలామంది ఆగిపోతారు. మీ ఉత్పత్తిలో కొత్తదనం ఏముందో వాళ్లకు అర్థమయ్యేలా రాయండి. ఉన్న వ్యాపారాన్ని చీల్చి కొత్త బోర్డు పెడితే ఒప్పుకోరు. కనీస ప్రత్యామ్నాయ పన్ను (మ్యాట్) మాత్రం తప్పదు. హైదరాబాదులో ఐటీ పెరిగిందే ఇలాంటి రాయితీల మీద, సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల (ఎస్‌టీపీఐ) యూనిట్ల పన్ను సెలవు 2011 మార్చి 31 దాకా నడిచింది. రాయితీకి గడువు తీరుతుందని మర్చిపోయి ధరలు వేసుకున్న కంపెనీలు తర్వాత ఇబ్బంది పడ్డాయి.

ఇంత చెప్పినా జార్జియాయే అనుకుంటే, నిజంగానే వెళ్లండి. అక్కడ ఆఫీసు అద్దె ఒప్పందం, అక్కడి జీతాల రికార్డు, ఏ పని ఎవరు ఎక్కడ కూర్చుని చేశారో చూపే లెక్క మొదటి నెల నుంచే ఉంచుకోండి. నాన్నతో మాట్లాడి, మీ ముగ్గురిలో ఎవరు టిబిలిసిలో కాపురం పెడతారో తేల్చుకుని నాకు రాయి. ఆ పేరు తేలేదాకా కన్సల్టెంటుకు అడ్వాన్సు పంపొద్దు.

మీ మామయ్య