జ్ఞాపకం ఉండగానే వ్రాసిపెట్టుకుందాం

వయసు పైబడ్డాక తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం మామూలే. చదివిన నమాజునే మళ్ళీ మళ్ళీ చదవడం, రోజూ వెళ్ళే మసీదు నుండి ఇంటిదారి తప్పడం మామూలు కాదు. థైరాయిడ్ జబ్బు, బి12 లోపం వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గవచ్చు కనుక ముందు డాక్టరుకు చూపించాలి. డిమెన్షియా అని తేలితే అది క్రమంగా ముదురుతుంది. తొలి దశలో పెద్దలు తమ ఇష్టాన్ని స్పష్టంగానే చెప్పగలరు. “బతికుండగా ఈ మాటలేమిటి” అన్న మొహమాటంతో మనం ఆ కాలాన్నే జారవిడుచుకుంటున్నాం.

వ్రాసిపెట్టుకోవడం అపనమ్మకం కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ (2:282) అప్పును వ్రాసుకోవడం గురించే. అప్పు తీసుకున్నవారు స్వయంగా చెప్పలేని స్థితిలో ఉంటే సంరక్షకుడు న్యాయంగా వ్రాయించాలనీ అందులో ఉంది. ఈ పాఠం నుండి మనం మూడు విషయాలు నేర్చుకోవచ్చు.

మొదటిది వైద్యం. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటరు వంటివి కావాలా, వద్దా అని ముందే వ్రాసుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధృవీకరణ చేయించాలి. మన తరఫున నిర్ణయం చెప్పేవారి పేరూ అందులో ఉండాలి. వ్రాసేముందు డాక్టరునూ, ఆలిమ్‌నూ సంప్రదించాలి.

రెండవది బాకీలు, ఆస్తి. చెల్లించని మహర్, అప్పులు, ఇతరుల అమానతులు, మిగిలిన జకాత్ జాబితాగా వ్రాయాలి. వారసులు కానివారికి ఇవ్వదలిస్తే మూడో వంతుకు మించకుండా వసియ్యత్ చేయాలి. చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే చాలనుకుంటారు. ఇచ్చినవారికి మతి తప్పితే మామూలుగా అది చెల్లదు. ఆ తరువాత కోర్టు మెట్లెక్కక తప్పదు.

మూడవది రోజువారీ సేవ. దుబాయిలోని కొడుకు డబ్బు పంపుతాడు. రాత్రి మూడుసార్లు లేచేది కోడలు. ఆమెకు విశ్రాంతి ఎవరిస్తారు? పర్దా పాటించిన అమ్మీకి స్నానం ఎవరు చేయించాలి? దీనినీ పెద్దలనే అడిగి వ్రాసుకోవాలి.

దాతలకు మా మనవి ఒక్కటే. ఏటా ఒక రోజు డాక్టరు, వకీలు, ఆలిమ్ ఒకేచోట కూర్చొని పేద కుటుంబాలకు ఈ కాగితాలు వ్రాసిపెట్టేందుకు సహకరించండి. నోటరీ ఖర్చు పెద్దది కాదు. అయితే ఆ పని ముందుగా మన ఇళ్ళలో, మన పెద్దల పక్కన కూర్చొని మొదలుపెడదాం, ఇన్షా అల్లాహ్.